తోక లేని పేరు

నేను ఆత్మకూరు డెస్క్‌కు ఇన్‌చార్జిగా వెళ్లింది అసెంబ్లీ ఎన్నికల నామినేషన్లు పడుతున్న వేసవిలో. ఓటింగ్ మిషన్ మీద అభ్యర్థుల ఫొటోలు ఇంకా రాని రోజులవి. డెస్క్ అంటే విలేకరులు పంపిన వార్తల్ని దిద్ది, పేజీల్లో పేర్చే చోటు. మా పత్రిక ఓనరు పెంచలప్రసాద్ గారే ఆ ఏడు ఉదయగిరి అభ్యర్థి కూడా. మేమంతా ఆయన్ను పెద్దాయన అనేవాళ్లం.

తొలిసారి సమితి ప్రెసిడెంటు అయినప్పుడే ఊరి బావుల్ని అన్ని కులాలవాళ్లకూ తెరిపించి, సొంత బంధువుల చేత తిట్లు తిన్న మనిషి. పత్రిక పెట్టిన రోజే ఒక నియమం పెట్టారు. వార్తల్లో ఎవరి పేరు చివరా కులం తోక ఉండకూడదు. మంత్రి పేరైనా, ఆయన పేరైనా సరే. మా సబ్ ఎడిటర్లు వార్త కాపీ చేతికి రాగానే ముందు కోసేది తోకనే.

ఎదుటి పార్టీవాళ్లు సరిగ్గా అక్కడే దెబ్బ కొట్టారు. కొండాపురంలో పెంచలప్రసాద్ అనే ఆటో డ్రైవర్ని వెతికి పట్టుకుని ఇండిపెండెంటుగా నామినేషన్ వేయించారు. అతని పేరుకు మొదటి నుంచీ తోక లేదు. దొరికిన గుర్తు కూడా పెద్దాయన గుర్తును పోలినదే. మిషన్ మీద పెద్దాయన పేరు తోకతో ఉంటుంది, మా పత్రికలో ఉండదు. పత్రికలో పేరు చూసుకుని వెళ్లేవాడి వేలు ఆటో మనిషి మీద పడటం ఖాయం.

ఉదయగిరి విలేకరి మస్తాన్ ఫోన్‌లో నా మీద ఎగిరాడు. "ఏందన్నా ఇది! మన పేపరే ఆయన్ను ఓడగొట్టేట్టు ఉండాది. ఈ ఒక్క ఎలక్షన్‌కి తోక పెట్టన్నా, కొంపలేం మునగవు."

నాకూ అదే సబబనిపించింది. పెద్దాయనంటే నాకు ప్రాణం. ఆయన పేరుకు తోకతోనే అభ్యర్థుల ఫొటోల పేజీ కట్టించి, ప్రెస్‌కు పంపేముందు ఆయనకు ఫోన్ చేశాను. సీతారామపురంలో ప్రచారంలో ఉన్నారు.

"నా తోక పెట్టి, రేపు ఇంకొకడిది ఏ మొగం పెట్టుకోని కోస్తావురా? తీసెయ్," అన్నారు. అంతటితో ఆగలేదు. "ఆ ఆటో ప్రసాద్ కూడా నిలబడినాడు గదా, అతని ఫొటో పెట్టినావా లేదా?" అని గద్దించారు.

తోక తీసేసి, ఆ ఫొటో కూడా వేశాం. పేపర్లో తన మొహం చూసుకున్న ఆటో ప్రసాద్ నిజంగానే ప్రచారం మొదలుపెట్టాడు. ఆటోకు మైకు కట్టుకుని, సీతారామపురం రోడ్డు ఎందుకు వేయరని ఊరూరా అడిగాడు. మస్తాన్ పళ్లు కొరుకుతూనే ఆ వార్తలు పంపాడు, నేను లోపల తిట్టుకుంటూనే వేశాను.

పెద్దాయన ఓడిపోయారు. ఆయన ఓడిన తేడా కంటే ఆటో ప్రసాద్‌కు పడిన ఓట్లే ఎక్కువ. మస్తాన్ ఏడ్చేశాడు. ఆ సాయంత్రం పెద్దాయన డెస్క్‌కు వచ్చి, మాతో టీ తాగి, ఫలితాల పేజీ ఇటివ్వమన్నారు. దిగులులో పడి మేం గెలిచినవాడి పేరుకు తోక కోయడం మరిచిపోయాం. ఆయన జేబులోంచి పెన్ను తీసి, దాన్ని కొట్టేసి, పేజీ నా చేతికిచ్చి వెళ్లిపోయారు.

నియమం పెట్టుకోవడం తేలికే. అది మనల్నే ముంచే రోజున కూడా దాన్ని వదలకపోవడమే అసలు పని అని నాకు అప్పుడు తెలిసింది. ఆ మధ్య నా రిటైర్మెంటు వార్తలో డెస్క్‌వాళ్లు అభిమానం కొద్దీ నా పేరుకు తోక తగిలించారు. పేజీ ప్రెస్‌కు పోకముందే నేనే కోసేశాను.