యాభైలో ఒక గూడు ఖాళీ

ఈ రోజు మధ్యాహ్నం, ఇండియాకి తిరిగి వెళ్తున్న మా అత్తయ్యను ఎయిర్‌పోర్టులో దింపి, మేముండే వాటర్లూకి తిరిగొచ్చాను. వారాంతాల్లో రేంజ్‌కి వెళ్లి రైఫిల్ కాల్చడం నా సరదా. కొత్త తూటాల ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకే పేలినవాటి ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, శుభ్రం చేసి, ఇంట్లోనే మళ్లీ మందు నింపుకుంటాను. నిన్నటివి ట్రేలో సర్దుతుంటే యాభై గూళ్లలో ఒకటి ఖాళీగా మిగిలింది.

నిన్న వాటిని జాకెట్ జేబులో వేసుకొచ్చాను. చలిగా ఉందని ఈ రోజు ఆ జాకెట్‌ను అత్తయ్యకు తొడిగింది నేనే. ఖాళీదైనా సరే, తూటా గొట్టం దొరికితే ఇండియాలో దిగాక పోలీసులు ఊరుకోరు. డెబ్భై ఏళ్ల మనిషి, వాళ్లకు ఏమని చెప్పుకుంటారు?

ఫోన్ చేశాను. మూడుసార్లు మోగి ఆగిపోయింది. నాలుగోసారి ఎత్తారు.

"అత్తయ్యా, ఎక్కడున్నారు?"

"చెకింగ్ లైన్లో ఉన్నానమ్మా. నా ముందు ఇద్దరే ఉన్నారు."

"ఒక్కసారి జాకెట్ జేబులో చూడండి, ఇత్తడిది చిన్న గొట్టం..."

"అదా! వచ్చేటప్పుడే తీసి నీ కారులో కప్పు పెట్టుకునే చోట పెట్టా. జేబులు చూడకుండా ఎవరి బట్టలైనా వేసుకుంటానా నేను?"

చెప్పుల్లేకుండా కారు దగ్గరికి పరిగెత్తాను. గొట్టం అక్కడే ఉంది. పక్కనే, అదే జేబులో ఉండిపోయిన ఎప్పటిదో నా మందుల చీటీ నాలుగు మడతలు పెట్టి ఉంది.

అత్తయ్య అందరి జేబులూ వెతుకుతారని మా ఆయనతో నేను పోట్లాడింది నిన్ననే. ఆయన ఇంకాసేపట్లో ఇంటికొస్తారు. ఏ మొహం పెట్టుకుని ఈ సంగతి చెప్పాలో మీరే చెప్పండి.