పది కాయలు తెంపేదాకా

నర్సమ్మకు ఇచ్చిన మాట నాలుగో రోజే తప్పాను. ముప్పై ఏళ్లు దాటినా ఆమె దాన్ని మర్చిపోలేదు. పోయిన మంగళవారం ఆమె కన్నుమూసిందని కబురొచ్చింది. ఆమె మీద నాలుగు మాటలు రాయమని ఊళ్లోవాళ్లు అడిగారు. ఇక నన్ను దెప్పేవాళ్లు తగ్గారు.

వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లవి. మా పావగడ వైపు వేరుశనగ, అదే మా చెనక్కాయ, వేసి ఆకాశం చూడటమే సేద్యం. మూడో కాన్పయిన నెలకే నా భార్య చంకలో బిందెతో బోరింగు దగ్గర వరసలో నిలబడింది. నడుం పట్టేసింది. టౌను డాక్టరు వారానికో సూది పొడిచాడు. ఆయనా పోయాడు. ఆయన మీద నివాళి రాయమని ఎవరూ అడగలేదు, అడిగినా రాయను. నేను బడిపంతుల్ని, ఇంటినిండా పుస్తకాలు. వాటిలో వెతికి వెతికి నడుముకు ఆముదం రాయించాను.

అప్పుడు మా ఊరి మంత్రసాని నర్సమ్మ వచ్చి నా భార్యను ఒక్కటే అడిగింది: "దగ్గినా నవ్వినా చీర తడుస్తాండాదా?"

నా భార్య తల వంచుకుంది. ఏడాదిగా ఆమె ఎందుకు నవ్వటం లేదో అప్పుడు తెలిసింది. అప్పటిదాకా నా జోకులు పాతబడ్డాయనుకున్నాను.

"నడుము గోడైతే, ఉచ్చ ఆపుకునే కండలు పునాది అయ్యవారా. పునాది జారితే గోడకు సున్నం కొడతారా? ఆ కండలకు బలం నేను నేర్పిస్తా. మూడు నెల్లు ఆయమ్మను బిందె ముట్టనీయొద్దు. నీళ్లు నువ్వు మోయల్ల. మాటియ్యి."

"అట్లే లే నర్సమ్మా," అన్నాను, పుస్తకాల మీద చెయ్యి పెట్టి మరీ.

మూడు రోజులు మోశాను. నాలుగో రోజు బోరింగు దగ్గర మా బావమరిది ఎదురయ్యాడు. "ఏం బావా, అక్క చీర గూడా కట్టుకోని రాకపోతివా!" వరసలోని ఆడవాళ్లంతా నవ్వారు. నిండు బిందె గట్టు మీద దించి ఇంటికొచ్చేశాను. నా భార్య వెళ్లి దాన్ని తెచ్చుకుంది.

"మూటల మూటలు పుస్తకాలు మోస్తివి, ఒక బిందె మోయలేకపోతివే," అంది నర్సమ్మ. అప్పటికి నన్ను వదిలేసి ఆడవాళ్లను పట్టుకుంది.

బావమరిది కళ్లంలో పీకిన చెనక్కాయ చెట్ల నుంచి కాయలు తెంపేటప్పుడు ఆమె వాళ్ల మధ్యలో కూర్చునేది. పది కాయలు తెంపేదాకా లోపల బిగించాలి, పది తెంపేదాకా వదలాలి. ఇదే పాఠం. "కింద బిగించమంటే మొగం బిగిస్తారేందే! ఊపిరి ఇడవండే!" అని గదిమేది. కబుర్లతో మోగే కళ్లం ఉన్నట్టుండి మూగబోయేది, మళ్లీ ఒక్కసారిగా మోగేది. బావమరిదికి గుబులు పట్టింది.

"ఏందక్కా, అందరూ కూడబలుక్కోని పని నిలిపేస్తారా ఏమి?" అని నా భార్యను చాటుగా అడిగాడు.

"ఏమోప్పా, టీ సాలకపోతే నిలిపేస్తారేమో," అంది ఆమె. ఆ రోజు నుంచి కళ్లానికి రెండో టీ వచ్చింది. ఆ కుటుంబం నుంచి ఊరికి ముట్టిన మేలు అదొక్కటే.

కాయల పని అయిపోయినా నా భార్య పాఠం మానలేదు. కొన్ని నెలల తర్వాత మా అరుగు మీద నర్సమ్మ నా నడకను అనుకరించింది: చంకలో బిందె, వంకర మెడ, దిక్కులు చూసే కళ్లు. నా భార్య విరగబడి నవ్వింది. నవ్వి, కంచె చాటుకు పరిగెత్తకుండా అక్కడే కూర్చుంది. నర్సమ్మ కళ్లు తుడుచుకుంటూ, "పాసయితివి పోమ్మే," అంది. నా మీద వేసిన జోకుకు నేను సంతోషించింది ఆ ఒక్కసారే.

నడుము మాత్రం సగమే కుదిరింది. "పునాది నేనేస్తి, పైన బరువు మీరు దించకపోతిరి," అనేది నర్సమ్మ, కనపడినప్పుడల్లా.

మంగళవారం కబురొచ్చినప్పుడు నా భార్య చేటలో కాయలు ఒలుస్తోంది. చేతులు ఆగలేదు. లోపల మాత్రం బిగించినట్టుంది. తర్వాత మెల్లగా ఊపిరి వదిలింది. నేను లెక్కపెట్టాను, పది కాయలు. ఆ తర్వాత గోడ పట్టుకుని లేచింది.

ఇన్నేళ్లూ బావమరిదిని తిట్టాను. వాడు ఒక మాట అన్నాడు, అంతే. నిండు బిందెను గట్టు మీద దించినవాణ్ణి నేను.