పోగు తెగితే ఆగే మగ్గం

కిరణ్, నీ కారు తయారుచేసిన జపాన్ కంపెనీ పుట్టినప్పటి నుంచీ కార్లే చేస్తోందన్నావు. కాదు నాయనా. మొదట మగ్గాలు చేసింది. పోగు తెగితే తమంతట తామే ఆగే మగ్గాలు. కార్లు ఆ తర్వాతే.

మా ఇంట్లో మగ్గాన్ని ఆపేది అమ్మ. నా ఈడు నేత ఇళ్లవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇల్లంతా గంజి వాసన, గుంట మగ్గం చప్పుడు. బాపు నేస్తుంటే అమ్మ వెనక కూర్చుని నూలు కండెలు చుడుతూనే, చప్పుడులో తేడా వినగానే "ఆపు, పోగు తెగింది" అనేది. ఆమె పోయాక ఆ పని నాకొచ్చింది. ఒకరోజు పుస్తకంలో పడి వినలేదు. మూరెడు చీర పాడైంది. బాపు తిట్టలేదు. "మీ అమ్మ ఉంటే ఆపుతుండె బిడ్డా" అన్నాడు, అంతే. ఇన్నేళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు.

నిన్న మాదాపూర్‌లో నువ్వు బెల్టు పెట్టుకోకుండానే కారు నడిపావు. కారు నోరెత్తలేదు. అడిగితే, "ఊకె మొత్తుకుంటుందని బెల్టు దూర్చేకాడ ఉత్త క్లిప్పు పెట్టిన అమ్మమ్మా" అని నవ్వావు. ఇంజనీరింగ్ చదివి నువ్వు సాధించింది అదన్నమాట.

సాయంత్రం ఆఫీసు నుంచి బయలుదేరే ముందే ఆ క్లిప్పు పీకెయ్. బెల్టు పెట్టుకునే రా. క్లిప్పు తెచ్చి నా చేతిలో పెట్టు.