వెర్డెల్ పిస్టల్

అమెరికాలోని అర్కాన్సా కొండల్లో ఇరుగుపొరుగువాళ్లు పెరటి తలుపు తోసుకునే వస్తారు. తలుపు తట్టేది కొత్తవాళ్లే. పక్క ఊళ్లో దొంగలు పడ్డారని విని, ఒంటరిగా ఉండే ముసలి వెర్డెల్ చవకలో ఒక చిన్న పిస్టల్ కొనుక్కుంది. అప్పటినుంచి కంటినిండా నిద్రపోతోంది.

ఆ మధ్యాహ్నం పెరటి తలుపు కిర్రుమంది. జ్వరంతో పడుకున్న వెర్డెల్ ఉలిక్కిపడి లేచి, వంటింటివైపు పిస్టల్ గురిపెట్టి నొక్కింది. చవక సరుకు కదా, ట్రిగ్గర్ బిగుసుకుపోయి కదల్లేదు. ఆ బిగుతే దేవుడి దయ. ఇంకా గట్టిగా నొక్కబోతుండగా కేక వినిపించింది.

"ఓసి నీ దుంప తెగ! జ్వరమన్నావని కోడి సూపు తెస్తే కాల్చేస్తావుటే?"

గుమ్మంలో గిన్నెతో పక్కింటి ఓపల్ కొయ్యబారిపోయింది.

"నువ్వని అనుకోలేదక్కా!"

"అంత భయమైతే గడియ పెట్టుకోరాదూ?"

"పెడితే నువ్వెలా వస్తావు?"

వెర్డెల్ తూటాలు తీసేసింది. జ్వరం తగ్గగానే పిస్టల్‌ను కొన్నచోటే తిరిగి ఇచ్చేసింది.