రెండు పట్టాల దూలం

కూర్చుందామని చెయ్యి వెనక్కి ఆనించాను. అనుకున్నదానికన్నా ముందే ఇనుము తగిలింది. నాకు భయం మొదలైంది సరిగ్గా అప్పుడే.

మా ఆయనకు నరసరావుపేటలో వెల్డింగ్ షాపు ఉంది. షెడ్లు, గేట్లు, దూలాలు చేస్తారు. నేను బీయస్సీ లెక్కలు చదివాను కాబట్టి ఏ యాంగిల్ ఎంత తూగుతుందో, ఏ ఛానెల్ ఎంత తూగుతుందో కాగితం మీద తేల్చే పని నాకు పడింది. గొప్ప విద్యేమీ కాదు. అడ్డంగా కోస్తే కనపడే ముఖం, అంటే కోత, చదరపు సెంటీమీటరు ఉన్న ఇనప కడ్డీ మీటరు పొడవుంటే ముప్పావు కిలో పైచిలుకు తూగుతుంది. మనకు కావలసిన ఇనుము కోతలో అలాంటి చదరాలు ఎన్ని పడతాయో చూసుకుంటే చాలు, మిగతాదంతా గుణకారమే. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు ఒక షెడ్డు మొత్తం తూచిన రోజులున్నాయి.

మధ్యాహ్నం పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని పని జరిగే చోటికి క్యారేజీ పట్టుకెళ్తాను. అక్కడ కుర్చీలుండవు. పాత రైలు పట్టాలు రెండింటిని అడుగుభాగాలు కలిపి వెల్డింగ్ చేసిన దూలం ఏదో ఒకటి నేల మీద ఉంటుంది. అదే మా బెంచీ. దాని ఎత్తు నా ఒంటికి అలవాటు.

ఆ రోజు వెళ్ళింది శావల్యాపురం రోడ్డులో ఒక పత్తి మిల్లుకు. బేళ్ళు ఎత్తే గొలుసు వేలాడదీయడానికి గోడ నుంచి గోడకు దూలం వెయ్యాలి. మిల్లు యజమాని దాన్ని విజయవాడ వైపు పాత ఇనుము కొట్లో చూసి, జంటగా అతికించి ఉన్నదాన్నే కొని, లారీలో పంపించారు. గడ్డపారలతో దొర్లించి దించారు కాబట్టి దాని బరువు ఎవరి భుజానికీ తెలియలేదు. పైన నల్ల పెయింటు మందంగా పూసి ఉంది. మూడు సరుగుడు బాదులు తలలు కలిపి నిలబెట్టి, వాటికి అర టన్ను మోసే చైన్ పుల్లీ తగిలించారు. అన్నాలు తిని లేవగానే ఎత్తడమే. దూలం పైకి లేస్తుంటే కింద నిలబడి చేతులతో దారి చూపేది మా ఆయన.

కూర్చోబోయినదాన్ని ఆగి, ఆ దూలం ఎత్తు జాన పెట్టి కొలిచాను. ఎప్పుడూ జాన మీద రెండు వేళ్ళుండేది. ఇది జాన మీద బెత్తెడు ఉంది.

"బాబాయ్, దీని బరువెంత అనుకున్నారు?" అని మేస్త్రీని అడిగాను. ఆయన మా వీధి మనిషే, మా ఆయన దగ్గర బరువులెత్తే పనంతా ఆయనే చూస్తారు.

"ఏముందమ్మాయ్, పట్టాకి గజానికి అరవై పౌన్లు. ఎనిమిది గజాలు. రెండు పట్టాలు. నాలుగున్నర కింటాళ్ళు కూడా రాదు. పుల్లీ ఐదు మోసుద్ది. కావాలంటే నిన్ను కూడా కూర్చోబెట్టి లేపుతా."

మా వైపు పట్టా అంటే అరవై పౌన్లదే. గుంటూరు నుంచి మాచర్ల వెళ్ళేదీ, మా ఊరి మీదుగా వెళ్ళేదీ రెండూ మొన్నమొన్నటిదాకా మీటర్ గేజి లైన్లే. వాటిలో తీసేసిన పట్టాలే ఇక్కడి ఇళ్ళ కప్పుల్లోకి వస్తాయి. వేరే రకం ఎవరూ చూడలేదు కాబట్టి అరవై అనే మాట రాలిపోయి, ఉత్త పట్టా మిగిలింది.

"ఇది పెద్ద లైనుది బాబాయ్, బ్రాడ్ గేజిది. బరువెక్కువ" అన్నాను.

గోడ మీద దూలం ఆనే చోటు సరిచేస్తున్న మా ఆయన నవ్వారు. "మొదలెట్టింది. పిల్లి తుమ్మినా ఆసుపత్రికి పదమంటది."

అందులో అబద్ధం లేదు. ఆయన ఎక్కిన బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే లోయలో పడిందనుకునే మనిషిని నేను. వినుకొండ దారిలో లోయ ఎక్కడుందే అని ఎన్నిసార్లు అడిగారో. నా భయాన్ని నమ్మేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. లెక్క అయితే నమ్మొచ్చు.

క్యారేజీకి చుట్టిన పేపరు విప్పాను. దూలం కోసిన కొసలో ఒక పట్టాకు దాన్ని అదిమిపెట్టి, పాప పెన్సిలుతో అంచుల వెంట రుద్దాను. అచ్చు పడింది. పాప స్కేలు తీసుకుని దాని మీద సెంటీమీటరు గళ్ళు గీయడం మొదలుపెట్టాను.

"ఏంది పాపా, మీ అమ్మ పట్టాకి ముగ్గేస్తందా?" అన్నారు మేస్త్రీ.

"మాట్లాడకు తాతా, అమ్మ లెక్క తప్పుద్ది" అంది మా పాప.

మామూలు పట్టా కోతలో ముప్పై ఎనిమిది గళ్ళు రావాలి. యాభై ఏడు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను. అవే వచ్చాయి.

"ఆరున్నర కింటాళ్ళండీ" అన్నాను మా ఆయనతో.

"పెన్సిలు రుద్దితే అచ్చు సాగుద్ది తల్లీ" అన్నారు మేస్త్రీ. "నా సర్వీసులో చానా పట్టాలు లేపా."

మా ఆయన నిచ్చెన దిగారు. కాగితం చూశారు, నా మొహం చూశారు. "మనం మనం కొట్టుకోవడం ఎందుకు, ఇనుమునే అడుగుదాం" అని వైరు బ్రష్షు తీసుకుని పట్టా నడుం మీద రుద్దారు. పెయింటు పోయింది, తుప్పు పోయింది. ఉబ్బెత్తుగా అంకెలు తేలాయి.

మేస్త్రీ వాటి మీద వేలు పెట్టి చదివారు. "తొంభై పౌన్లది." తర్వాత, "ఆ లారీవోడు ఒక్క మాట చెప్పలా" అని గొణిగి, వెళ్ళి పుల్లీ విప్పడం మొదలుపెట్టారు.

గుంటూరు నుంచి రెండు టన్నుల పుల్లీ, లావు బాదులు తెప్పించి మర్నాడు ఎత్తుదామని ఇద్దరూ అనుకున్నారు. మా ఆయన వచ్చి అదే దూలం మీద నా పక్కన కూర్చుని అన్నం కలుపుకున్నారు. రెండు ముద్దలయ్యాక, "పట్టాని తూచావు బాగానే ఉంది, పప్పులో ఉప్పు మాత్రం తూచినట్టు లేవే" అన్నారు. నవ్వాను. నవ్వుతూనే బాబును ఒళ్ళోకి లాక్కుని అదిమిపెట్టుకున్నాను.

తెల్లారి ఆయన మిల్లుకు వెళ్ళగానే పిల్లలిద్దరూ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు, దూలం ఎత్తడం చూడాలని.

"వెళ్దాం. కానీ రోడ్డు అవతల నిలబడి చూడాలి" అన్నాను.

"నీ లెక్క కరెక్టే గదమ్మా?" అంది పాప.

"కరెక్టే" అన్నాను. "అయినా రోడ్డు అవతలే."