రెజ్యూమెలో తిమింగలం

అమీర్‌పేటలో నేను సాఫ్ట్‌వేర్ కోచింగ్ తీసుకున్న రోజుల్లో రెజ్యూమె ఎవరూ సొంతంగా రాసుకునేవారు కాదు. మైత్రీవనం వెనక సందులోని జెరాక్స్ షాపు అన్న కంప్యూటర్‌లో ఒక ఫైలు ఉండేది. పేరు, ఊరు, కాలేజీ మార్చి ప్రింటు తీసిస్తే అదే మన జాతకం. హాబీల దగ్గర అందరికీ పాటలు వినడం, పుస్తకాలు చదవడమే.

నేను పట్టుబట్టి ఆ లైను తీసేయించి, ‘సముద్రంలో తిమింగలాలను చూడటం’ అని టైపు చేయించాను. అబద్ధమేమీ కాదు. మాది భీమిలి దగ్గర తీరం. మామయ్యకు ఇంజను పడవ ఉండేది, సెలవుల్లో నన్నూ ఎక్కించుకునేవాడు. డాల్ఫిన్లు చాలాసార్లు కనిపించాయి. తిమింగలం ఒక్కసారే, పక్కన పిల్లతో.

కోచింగ్ సార్ నవ్వారు. “అడిగేది జావా గురించమ్మా, జంతువుల గురించి కాదు. తీసెయ్.” నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం ఎంత అవసరమైనా ఆ లైను తీసేది లేదన్నాను.

కానీ అసలు గొడవ షాపులో జరిగింది. ఆ అన్న నా ఫైలు మీదే నా ముగ్గురు రూమ్మేట్ల పేర్లు వేసి ప్రింట్లు తీసిచ్చాడు. హాబీ మార్చడం మరిచిపోయాడు. పంజాగుట్టలో ఒక కంపెనీ నుంచి నలుగురికీ ఒకే రోజు ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక గానీ ఎవరూ చూసుకోలేదు.

“ఏందే ఇది! నేను సముద్రం సుత చూడలే,” అని తల పట్టుకుంది సిరిసిల్ల నుంచి వచ్చిన అమ్మాయి.

కోపంతో ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. నలుగురికీ ఒకే వింత హాబీ కనిపిస్తే దొంగ రెజ్యూమెలని అందరినీ బయటికి పంపేస్తారు. నాదని చెప్పుకోవడానికి ఉన్న ఒక్క ముక్కా పోయిందని ఏడుపొచ్చింది. మర్నాడు లేచి, అలిగితే పనవదనుకుని, ముగ్గురినీ మధురానగర్‌లోని మా హాస్టల్ డాబా మీద కూర్చోబెట్టి తిమింగలాల గురించి చెప్పడం మొదలుపెట్టాను.

“గా చేప లేకుంటె మనకేం ఫికర్?” అంది సిరిసిల్ల అమ్మాయి.

“చేప కాదే. మనలాగే ఊపిరి పీలుస్తుంది, పిల్లకి పాలిస్తుంది. అది లోతుల్లో తిని, పైకొచ్చి పెంట వేస్తుంది. ఆ ఎరువుతో నీళ్లలో కంటికి కనపడని మొక్కలు పెరుగుతాయి. చేపలకి తిండి అక్కణ్నుంచే మొదలు. మనం పీల్చే గాలిలోనూ ఆ మొక్కల వాటా ఉంది.”

తిమింగలం కనిపించిన రోజు మామయ్య ఇంజను ఎందుకు ఆపేశాడో కూడా చెప్పాను. పిల్ల తల్లి గొంతు వింటూ వెంట పోతుంది. ఇంజను మోతలో ఆ గొంతు వినపడదు. చేపల వేట ఆలస్యమైనా అవి వెళ్లేదాకా పడవ కదిలించకపోవడం మామయ్య పద్ధతి.

ఇంటర్వ్యూలో నాది చివరి వంతు. లోపలున్న పెద్దాయన నాలుగు రెజ్యూమెలూ పక్కపక్కనే పెట్టుకున్నారు.

“మీ ముందు వచ్చిన ముగ్గురూ ఒకటే మాట చెప్పారు,” అన్నారాయన. “మేం చూడలేదు సార్, షాపులో పొరపాటైంది, చూసింది మా రూమ్మేట్, తననే అడగండి అని. కూర్చోండి. నిజంగా చూశారా?”

ఒకరోజంతా వాళ్లతో మాట్లాడనందుకు సిగ్గేసింది. అయినా చూశానని మొదలుపెట్టి, మామయ్య ఇంజను ఆపడం దాకా అంతా చెప్పాను.

ఉద్యోగం నాకూ సిరిసిల్ల అమ్మాయికీ వచ్చింది. మిగతా ఇద్దరికీ ఇంకో చోట దొరికింది. మరుసటి ఏడాది సెలవులు పెట్టి నలుగురం మామయ్య పడవెక్కాం. తిమింగలం కనపడలేదు. తీరం కనుమరుగయ్యాక ఎడమవైపు డాల్ఫిన్లు తేలాయి, మధ్యలో ఒక చిన్నది. నేను నోరు తెరిచేలోపే, సముద్రాన్ని మొదటిసారి చూస్తున్న సిరిసిల్ల అమ్మాయి లేచి నిలబడింది.

“మామయ్యా, జర ఇంజన్ ఆపుండ్రి. పిల్ల ఉన్నది.”