అన్నయ్య కోసం కొన్న టూ ఎయిటీ సిక్స్

తెలిసినదానికన్నా ఒక పిసరు ఎక్కువ తెలిసినట్టు మాట్లాడే రోగం నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. అమ్మ దాన్ని నోటి దూల అనేది. ఆ దూల వల్ల చాలా నష్టాలే జరిగాయి గానీ, అవన్నీ నాకే జరిగాయి కనక పెద్దగా పట్టించుకోను. ఒక్కటి మాత్రం అన్నయ్యకి జరిగింది. దాన్ని ఇంతవరకు నేను మింగలేకపోయాను.

ఎనభైల చివరి మాట. రెడ్డిగూడెం పక్కన చిన్న ఊరు మాది. నాన్న పూత మీదే మామిడి తోటలు గుత్తకి తీసుకుని కాపు అమ్ముకునేవాడు. నాకంటే మూడేళ్ళు పెద్దవాడైన అన్నయ్య చెట్టెక్కి, గడకి వల సంచి కట్టిన చిక్కంతో కాయ కోసేవాడు. వాడు కోస్తే కాయకి గీత కూడా పడదని షావుకార్లు చెప్పుకునేవారు. ఒక మే నెలలో కొమ్మ విరిగి కుడి భుజం మీద పడ్డాడు. ప్రాణం దక్కింది, చెయ్యి దక్కలేదు. భుజం కింద నరాలు తెగిపోయాయని, ఆపరేషన్ చేసినా లాభం లేదని విజయవాడ డాక్టరు చెప్పాడు.

ఇంటికొచ్చి వసారాలో మంచం ఎక్కినవాడు ఇక దిగలేదు. ఆదివారం చర్చికి కూడా రానన్నాడు. "ప్రార్థన చేస్తామని ప్రతివాళ్ళూ వచ్చి ఆ చచ్చిన చెయ్యే పట్టుకుంటారే. పట్టుకున్నట్టు నాకు తెలియను కూడా తెలీదు. అదేం ప్రార్థన?" అనేవాడు. కొన్నాళ్ళకి ఆ మాట అనడం కూడా మానేశాడు.

నేను విజయవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. సాయంత్రాలు కంప్యూటర్ నేర్పే ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళేదాన్ని. సంక్రాంతి వెళ్ళాక అన్నయ్య ఆసుపత్రిలో చూపించుకోవడానికి వస్తే, బస్సు టైమయ్యేదాకా అక్కడ కూర్చోబెట్టాను. మా సార్ వాడి చెయ్యి చూసి ఒక ఫ్లాపీ తెచ్చి ఆట పెట్టారు. నల్లటి తెర మీద కింద ఒక చిన్న విమానం, పైనుంచి రాళ్ళు పడుతుంటాయి. వాటిని తప్పించుకోవాలి. రెండే బటన్లు, ఒకటి అటు, ఒకటి ఇటు. ఒక్క చెయ్యి చాలు.

అన్నయ్య మొహమాటంగా ఎడమ చెయ్యి పెట్టాడు. పావుగంట గడిచేసరికి కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాడు. "ఒసేయ్, చూడవే, చూడవే, తప్పించేశా!" అని ఇన్‌స్టిట్యూట్ అంతా వినబడేలా అరిచాడు. నవ్వాడండీ మా అన్నయ్య! ఎనిమిది నెలల తర్వాత. నేను మెట్ల మీదకి పోయి కళ్ళు తుడుచుకుని వచ్చాను.

ఇంటికెళ్ళి నాన్నకి చెప్పాను. ఆపరేషన్ కోసం దాచిన సొమ్ము అలాగే ఉంది. "అది వాడి చేతి కోసం దాచిందే కదమ్మా. వాడి చేతికే పెడదాం" అన్నాడు నాన్న. ఊళ్ళో నవ్వుతారని అమ్మ గొణిగింది గానీ అడ్డు చెప్పలేదు. కాపు అయిపోయి చేతులు ఖాళీ అయ్యాక, జూన్‌లో నాన్నా నేనూ విజయవాడ వెళ్ళాం.

మద్రాసు నుంచి విడి భాగాలు తెప్పించి కంప్యూటర్లు బిగించే ఒకాయన ఉండేవాడు. మేం వెళ్ళేసరికి రెండు మెషీన్లు మూతలు తీసి పక్కపక్కనే ఆన్ చేసి పెట్టాడు. ఒకటి ఎక్స్‌టీ, పాత రకం, మా ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నదాని లాంటిదే. రెండోది ఏటీ, కొత్త రకం, దాంట్లో టూ ఎయిటీ సిక్స్ ప్రాసెసర్. మిగతా సరుకంతా దాదాపు ఒకటే. తేడా అంతా మధ్యలో ఉన్న ఆ నల్ల బిళ్ళలోనే. లెక్కలు చేసే మెదడు అదే.

నేను కుర్చీ లాక్కుని, నాకొచ్చిన నాలుగు ముక్కలతో రెండింటి మీదా ఒకే ప్రోగ్రాం రాశాను. అంకెలు వరసగా లెక్కపెట్టడమే దాని పని. టూ ఎయిటీ సిక్స్ చటుక్కున ముగించేసి కూర్చుంది. ఎక్స్‌టీ ఇంకా దేకుతూనే ఉంది. "చూశారా మేడం, అదీ ఇదీ ఒకటేనా?" అన్నాడు ఆయన. నన్ను మేడం అన్నవాడు నా జీవితంలో అతనే మొదటివాడు.

నాన్న మాత్రం తెరల వైపు చూడలేదు. లేచి వచ్చి మెషీన్ల మీద అరచెయ్యి ఆనీ ఆనకుండా పెట్టి చూశాడు. గడ్డిలో మాగేసిన కాయల్లోకి చెయ్యి దూర్చి చూడటం ఆయనకి ముప్పై ఏళ్ళ అలవాటు. టూ ఎయిటీ సిక్స్ దగ్గర ఆగాడు.

"ఇది కాకెక్కింది తల్లీ. ఇంత కాక తగిలిందంటే లోపల సరుకు తొందరపడుతున్నట్టు. చల్లగా ఉందే, అది తీసుకుందాం. నిదానమే ప్రధానం."

నేను పకపకా నవ్వాను. "నాన్నా, ఇవేమన్నా చిన్నరసాలా మగ్గడానికి? ఇది కంప్యూటరు!" ఆ షాపాయన కూడా నవ్వాడు. నాన్న చెయ్యి వెనక్కి తీసుకుని కండువాకి తుడుచుకున్నాడు. "నాకేం తెలుసమ్మా, నువ్వు చదువుకున్నదానివి. నీకేది మంచిదనిపిస్తే అదే చెప్పు" అన్నాడు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. టూ ఎయిటీ సిక్స్ అన్నాను. ఆ పాత నత్త మీదే అన్నయ్య అంత నవ్వితే, దీని మీద ఇంకెంత నవ్వుతాడో అనుకున్నాను.

విమానం ఫ్లాపీ నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. సార్ కాపీ చేసిచ్చారు. అక్కడే పెట్టి చూడొచ్చు. పెట్టలేదు. కొత్త మెషీన్ మీద ఆ ఆట మొదట ఆడేది అన్నయ్యే కావాలని దాచాను. నా బుద్ధికి నిప్పెట్టా!

మెషీన్‌ని గంపలో గడ్డి పరిచి పడుకోబెట్టి, టీవీలాంటి దాన్ని నాన్న ఒళ్ళో పెట్టుకుని, నూజివీడు మీదుగా రెండు బస్సులు మారి తెచ్చాం. వాకిలంతా జనం. పాస్టరు గారు వచ్చి మెషీన్ మీద చెయ్యుంచి ప్రార్థన చేశారు. "ఇవాళైనా నా చెయ్యి వదిలారు" అని అన్నయ్య నా చెవిలో గుసగుసలాడాడు. వాడు తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేయించుకుని కూర్చున్నాడు.

ఫ్లాపీ పెట్టాను. తెర నల్లబడింది. విమానం వచ్చింది. రాళ్ళు పడటం ఎవరికీ కనబడలేదు. తెర ఒక్కసారి జలజలమంది, విమానం పేలిపోయింది.

"మొదలెట్టవే" అన్నాడు అన్నయ్య.

"అయిపోయింది అన్నయ్యా."

మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. వాడి వేలు బటన్ దాకా వెళ్ళేలోపే అయిపోతోంది. ముందు వైపు స్పీడు తగ్గించే టర్బో బటన్ ఒకటుంది, నొక్కాను. కొంచెం తగ్గింది, ఆ కొంచెం ఏ మూలకీ చాలలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడే విజయవాడ పరిగెత్తాను. సార్ విని తల పట్టుకున్నారు. ఆ ఆటకి గడియారం లేదట. ప్రాసెసర్ ఎంత వేగంగా లెక్కపెడితే రాళ్ళు అంత వేగంగా పడతాయట. నిదానంగా నడిచే ఎక్స్‌టీ కోసమే దాన్ని రాశారట. నాన్న చెప్పిన కారణం తప్పు, మాట మాత్రం ఒప్పు. షాపాయన దగ్గరికి పోయి ఎక్స్‌టీ ఇచ్చి ఇది తీసుకోమని బతిమాలాను. "అది నిన్న మీరెళ్ళగానే అమ్ముడైపోయిందండీ. మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేను. అయినా మేడం, స్పీడెక్కువైందని గొడవకొచ్చిన మనిషిని మిమ్మల్నే చూస్తున్నా" అన్నాడు. ఆటని నెమ్మది చేసే ప్రోగ్రాం మద్రాసులో ఎవరి దగ్గరైనా దొరుకుతుందేమో కనుక్కుంటానని సార్ అన్నారు. ఆయన కనుక్కున్నారు కూడా. దొరకలేదు. ఇంట్లో నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. రెండు తిట్లు తిట్టి ఉంటే నాకు ప్రాణం కుదుటపడేది.

అన్నయ్య మాత్రం వదల్లేదు. రోజూ కరెంటు ఉన్నంతసేపూ కూర్చుని ఆడేవాడు. ఆడటం ఏముంది, పేలిపోవడం. నేను వద్దన్నా వినేవాడు కాదు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం చూస్తే మెషీన్ ఆపేసి ఉంది. వాడు ఎడమ చేతి వేళ్ళు ఒక్కొక్కటే ఎత్తి బల్ల మీద కొట్టి చూసుకుంటున్నాడు.

"ఏంటన్నయ్యా అది?"

"ఇది కూడా పోతోందేమోనే. విజయవాడలో బాగానే ఉందిగా. ఇప్పుడు కన్ను చూస్తోంది, వేలు కదలట్లేదు."

పక్కన కూర్చుని అంతా చెప్పాను. గడియారం లేకపోవడం, లెక్కపెట్టడం, టూ ఎయిటీ సిక్స్. వాడు అడ్డు చెప్పకుండా విన్నాడు. "నువ్వెన్నన్నా చెప్తావులే. నీ నోటికి ఎదురేముంది" అన్నాడు.

"సరే, నా మాట నమ్మకు. రేపు విజయవాడ పోదాం పద. ఆ పాత మెషీన్ మీద ఒక్కసారి ఆడు, నీకే తెలుస్తుంది."



"వద్దులేవే."

"ఎందుకు వద్దు?"

"అక్కడా ఓడిపోతే?"

ఒట్లు పెట్టాను, కాళ్ళు పట్టుకున్నాను, అమ్మ చేత చెప్పించాను. రానన్నాడు. ఇక చేసేది లేక వాడి ముందే భోరుమన్నాను. "తప్పు నాది అన్నయ్యా. నాన్న వద్దంటున్నా వినకుండా నేనే కొనిపించా."

"తప్పు నీదెలా అవుద్దే పిచ్చిదానా? చెయ్యి నాది కదా" అన్నాడు.

పడ్డ దగ్గర్నుంచీ అన్నయ్య ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తన అన్నం తనే తినేవాడు, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ పూట కంచం ముందు కూర్చుని, ఆ ఎడమ చెయ్యి కూడా ఒళ్ళో పెట్టుకుని, అమ్మని కలిపి పెట్టమన్నాడు.